ఒక రాత్రి నిద్రకు ముప్పది యేండ్ల ఈసీ

కేంద్ర హోం మంత్రిత్వ శాఖవారి సైబర్ నేరాల సమన్వయ కేంద్రము 2025 ఏప్రిల్ 19వ తేదీన వెలువరించిన హెచ్చరికను పాఠకులు చదివియే యుందురు. కేదారనాథ యాత్రకు హెలికాప్టరు టిక్కెట్లు మొదలుకొని యాత్రికుల అతిథిగృహముల వరకు, టాక్సీలు మొదలుకొని విహారయాత్రల ప్యాకేజీల వరకు, చూడముచ్చటైన నకిలీ వెబ్‌సైట్లు కల్పించి, సెర్చి ఇంజనులలో డబ్బిచ్చి ప్రకటనలు వేయించి, దొంగలు జనులను దోచుకొనుచున్నారు గనుక, సొమ్ము చెల్లించుటకు ముందే ప్రతివారును నిజానిజములు సరిచూచుకొనవలయునని దాని తాత్పర్యము. అంతకుముందు మాసముననే అట్టి దోపిడికి పదునేడు వేల రూపాయలు సమర్పించుకొనియున్న నాకు, ఆ 'సరిచూచుకొనవలయును' అన్న క్రియాపదము పుండుమీది కారమువలె తోపక గురూపదేశమువలె చెవి సోకినది. ముప్పది రెండేండ్లు సర్కారు కొలువు చేసినవాడను. పైనుండి దిగిన ఉత్తర్వును అక్షరాల అమలుపరచుట తప్ప వేరొక విద్య నేర్చినవాడను కాను.

ముందుగా నా పదునేడు వేల కథ. మా బావమరిది షష్టిపూర్తి సందర్భమున పదునలుగురము శనివారపు రాత్రి శామీర్‌పేట చెరువు ప్రాంతమున ఒక ఫామ్‌హౌస్‌లో గడుపుదమని తలచి, ప్రకటనలలో మొట్టమొదటి వరుసన మెరయుచున్న ఇంటిని ఎన్నుకొంటిమి. తెల్లని పరదాలు, నీలపు ఈతకొలను, కొబ్బరిచెట్ల నడుమ ఒక ఊయల. కిరాయి పండ్రెండు వేలు. అదిగాక, తిరిగి ఇచ్చెదమను హామీతో కాషన్ డిపాజిట్ అయిదు వేలు. కాషన్ అనగా జాగ్రత్త అని నిఘంటువు చెప్పుచున్నది. కనుక జాగ్రత్త లేనివాడనని నన్నెవ్వరును ఆక్షేపింప వలనుపడదు. జాగ్రత్త పద్దుక్రింద అయిదు వేలు ముందుగనే క్యూఆర్ కోడు ద్వారా చెల్లించిన వాడను.

బహదూర్‌పల్లిలో మధ్యాహ్నము బయలుదేరి, గండిమైసమ్మ చౌరస్తా దాటి, ఔటర్ రింగు రోడ్డెక్కి, శామీర్‌పేట వద్ద దిగి, మట్టిబాటన పడి, మా వదినగారు ఒడిలో పెట్టుకొన్న పులిహోర గిన్నె కుదుపులకు రెండు పర్యాయములు మూత వదలగా, ఎట్టకేలకు ఒక నీలిరంగు రేకుల గేటు ముందు ఆగితిమి. గేటు ప్రక్క గోడపై 'ఈ స్థలము అమ్మకమునకు లేదు' అని యజమాని పెద్ద అక్షరములతో వ్రాయించెను. దాని క్రింద బొగ్గుతో, వంకర అక్షరములతో, 'బుకింగ్ లేదు' అని మరెవ్వరో వ్రాసిరి. ఆ మరెవ్వరో అచ్చటి వాచ్‌మనే యని అతడు గేటు తీయకయే చెప్పెను.

"గీ నెలల మీది పదకొండో బండి సార్. గా ఫోటోల ఇల్లు గిది కాదు. ఈడ స్విమ్మింగ్ పూలు లేదు, ఊయల లేదు, బోరు నీళ్లకే తక్లీఫ్ ఉన్నది. పోయిన ఆదివారమొచ్చినోళ్లు కేకు గూడ తెచ్చుకున్నరు, పాపం."

సెల్‌ఫోను అవతలివాడు అప్పటికే మూగబోయెను. వాచ్‌మన్ ఒక బిందెడు నీళ్ళు తెచ్చి ఇవ్వగా, గేటు ఎదుటి చింతచెట్టు క్రింద పులిహోర తిని, అరువది యేండ్లు నిండిన మా బావమరిది దీర్ఘాయువును కోరి, చీకటి పడకముందే ఇల్లు చేరితిమి.

ఇప్పుడు మనుమలకు వేసవి సెలవులు వచ్చినవి. మరల ఒక రాత్రి బస కావలసివచ్చినది. ఈ మారు హెచ్చరికను శిరసావహించి, పైసా చెల్లించుటకు ముందు సర్వమును సరిచూచెదనని కంకణము కట్టుకొంటిని.

ఇల్లనునది ఉన్నదా లేదా అన్నది ఆదిప్రశ్న. పోయి కన్నులార చూచుటకంటె ప్రమాణము లేదు. శామీర్‌పేట గనుక పోయి చూడవచ్చును; మా మనుమలు కోరుచున్నది అరకు. అరకు పోయి ఇల్లు చూచుటకు ఒక రాత్రి అచ్చట నిలువవలెను. నిలుచుటకు ఒక బస కుదుర్చుకొనవలెను. ఆ బస ఉన్నదో లేదో చూచుటకు అంతకుముందొకసారి అరకు పోవలెను. తార్కికులు దీనిని అనవస్థా దోషమందురు. కనుక అరకు ఆశ వదలి, మరల శామీర్‌పేటకే, వేరొక ఇంటికి వచ్చితిని. ఇల్లున్నది. గోడలు తట్టి చూచితిని.

ఉన్న ఇల్లు ఎవరిదని పిదప ప్రశ్న. కిరాయికిచ్చువాడు యజమానియే యని ఏమి నమ్మకము? ఆస్తిపై జరిగిన లావాదేవీలు తెలుపు ఈసీ (ఎన్కంబరెన్స్ సర్టిఫికెటు) తీయించుటకు పోయితిని. సామాన్యులు పదమూడేండ్లకు తీయింతురు. బ్యాంకు వకీళ్ళు ముప్పదియేండ్లకు తెమ్మందురు. నా కుటుంబము నిద్రించు స్థలము బ్యాంకు సొమ్ముకంటె చులకన కాదు గనుక ముప్పదియేండ్లకే దరఖాస్తు పెట్టితిని.

"ఎన్ని గజాలు పెద్దాయనా, కొంటున్నవా?" అని అడిగెను కౌంటరులోని కుర్రవాడు.

"కొనుట లేదు నాయనా. శనివారము రాత్రి పండుకొందుము."

అతడు నావైపు కొంతసేపు చూచి, "ఎవరితోనన్న పంచాయితీ ఉన్నదా?" అనెను.

ఈసీ వచ్చినది. అందులోని లింకు డాక్యుమెంట్లు చూడగా, భూమి చేతులు మారిన వరుసలో ఒకచోట ముడి కనబడినది. ముడి విప్పవలెనన్న మూలమునకు పోవలెను. తెలంగాణమున మూలమనగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ అను భూరికార్డు; అంతకు మూలము సేత్వార్. ఖాస్రా నకలుకు అర్జీ పెట్టితిని. అంతకు కొద్దిదినముల ముందే, 2025 ఏప్రిల్ 14వ తేదీన, భూరికార్డుల పోర్టలు ధరణి పోయి భూభారతి వచ్చియుండెను. ధరణి మా జిల్లా బిడ్డయే. 2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో నాటి ముఖ్యమంత్రి దానిని ప్రారంభించిరి. భూభారతి యన్ననో మొదట నాలుగు మండలములలో మాత్రమే అమలైనది, ఆ నాలుగింటిలో మా ప్రాంతము లేదు. పోయినదానిలో చూడవలెనో, రానిదానికై వేచియుండవలెనో తేలక, నా శనివారమును జూన్ మాసమునకు జరుపుకొంటిని.

హక్కు తేలినంత మాత్రమున గండము గడచునా? మాకు కూతవేటు దూరమున మల్లంపేటలో, కత్వ చెరువు ప్రాంతమున కట్టిన విల్లాలను 2024 సెప్టెంబరు 8న చెరువుల ఆక్రమణలు తొలగించు హైడ్రావారు కూల్చివేసిరి. నేను బస చేయబోవు ఇల్లు శుక్రవారమున్నది, శనివారముండునా? చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టపు) హద్దు ఎచ్చట, బఫర్ జోను ఎచ్చట, మా మంచము ఎచ్చట అని తేల్చుటకు హెచ్‌ఎండీఏ పటము ముందు పెట్టుకొని భూతద్దముతో కూర్చుంటిని. పటము ప్రకారము పడకగది క్షేమము, వంటగది సందేహాస్పదము. భోజనము ఇంటినుండి కట్టుకొని పోవుటకు నిశ్చయించితిమి.

తుదకు ఒక వకీలు మిత్రుని సలహాపై ఈ క్రింది బహిరంగ ప్రకటన సిద్ధపరచితిని: 'మా క్లయింటు మరియు వారి కుటుంబసభ్యులు షెడ్యూలు ఆస్తియందు రాబోవు శనివారము రాత్రి 9 గంటలు మొదలు ఆదివారము ఉదయము 7 గంటల వరకు నిద్రించుటకు ఒప్పందము కుదుర్చుకొనుచున్నారు. సదరు నిద్రపై ఎవరికైనను హక్కులు, అభ్యంతరములు, తనఖాలు, జీవనభృతి క్లెయిములు ఉన్నచో ఏడు దినములలోగా ఆధారములతో తెలుపవలెను. గడువు పిదప వచ్చు అభ్యంతరములు చెల్లనేరవు.' దీనిని ఒక తెలుగు పత్రికలోను, ఒక ఆంగ్ల పత్రికలోను వేయించుటకగు వ్యయము ఒక రాత్రి కిరాయికి రెండింతలైనది. అయిననేమి, సరిచూచుకొనవలయును గదా.

ఆ ఇంటిని మెచ్చుకొనిన అతిథుల అభిప్రాయములను గూడ విడువలేదు. నలుబది ముగ్గురు అయిదేసి నక్షత్రములిచ్చిరి. అందరును 'వండర్‌ఫుల్'లో ఒకే అక్షరము తప్పు వ్రాసిరి. నలుబది మూడు కుటుంబములు ఒకే బడిలో ఒకే పంతులయ్యవద్ద చదివినవేమో యని ఆ బడి వెదకుచుండగా, మా ఇంటివారు ఒక ధర్మసందేహము లేవదీసిరి: "ఏమండీ, ఆ గవర్నమెంటు హెచ్చరిక మీకు వాట్సాప్‌లోనే గదా వచ్చినది? వాట్సాప్‌లో వచ్చిన తెలియని లింకును సరిచూడక నొక్కరాదని అందులోనే ఉన్నదే!" నేను నిర్విణ్ణుడనైతిని. హెచ్చరికను పాటింపవలెనన్న హెచ్చరికను తెరువరాదు. తెరువనిదే పాటించుటెట్లు? సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోను చేసి అడుగుదమా యన్న, ఆ 1930 అసలైన 1930 యేనని చెప్పువారెవరు? మా అమ్మాయి వివాహమున వరుని గూర్చి నేను ఇందులో పదవవంతు విచారణ చేసి యుండలేదు. అల్లుడు ఇప్పటికి పదునాలుగేండ్లుగా ఉన్నాడు, నకిలీవాడు కాడు.

అయినను నాకు తెలియక అడుగుచున్నాను. నేను చూచిన ప్రకటనకు సొమ్ము పుచ్చుకొన్నదెవరు? నాకన్న ముందు దోపిడికి గురియైన పదిబండ్లవారి సొమ్ముతో దొంగ ప్రకటన కొనెను. దానిని మొదటి వరుసలో నిలిపినవారికి కిరాయి ముట్టినది. నా పదునేడు వేలు పోయిపడినది ఆకాశమున కాదు, ఒక బ్యాంకు ఖాతాలో. ఆ ఖాతా తెరచినప్పుడు ఆధార్ చూడలేదా, ఫోటో తీయలేదా? నేను ప్రాణములతో ఉన్నానని ప్రతి నవంబరులోను వ్రేలిముద్ర వేసి నిరూపింపనిదే నా పింఛను రాదు. బ్రతికియున్న మనిషి ఉన్నానని ఏటేటా రుజువు చేసుకొనవలెను. లేని ఈతకొలను, లేని ఊయల ఉన్నవని ఎవ్వడును ఎవ్వరికిని రుజువు చూపనక్కరలేదు!

చేతగాని పని యందురా? ఎయిర్‌బీఎన్‌బీవారు (నేను మోసపోయినది వారి ద్వారా కాదు) 2019లో నకిలీ ఇండ్ల గొడవ ముదిరినప్పుడు, తమ పట్టికలోని డెబ్బది లక్షల ఇండ్లను మరుసటి యేటి డిసెంబరులోగా సరిచూచెదమని ప్రపంచమునకు మాటయిచ్చిరి. 2023లో 59,000 నకిలీ ఇండ్లను తొలగించితిమని వారే చెప్పుకొనిరి. తలచిన కనుగొనవచ్చునన్నమాట. తలచినప్పుడు మాత్రమే. మన 2000 నాటి ఐటీ చట్టమున 79వ సెక్షను తగిన శ్రద్ధ వహించిన మధ్యవర్తికి రక్షణ యిచ్చుచున్నది; ఆ శ్రద్ధ ఎంతయో కొలిచినవాడు లేడు గాని, నాకు శ్రద్ధ చాలలేదని మాత్రము హోం శాఖ మొదలు మా వీధి చివరి పాన్‌డబ్బా వరకు అందరును తేల్చివేసిరి. 1867లో కలకత్తానుండి ఏలిన దొరలు సరాయిల చట్టమొకటి చేసిరి. అది నిజాం రాజ్యమునకు వర్తించినది కాదు. దొరలకు మనమీద ప్రేమయు లేదు. అయినను సత్రము గదులు కడుగుట, గోడలు బాగుచేయుట, దొంగలు ఎక్కి దూకుటకు వీలగు చెట్టుకొమ్మలు కొట్టించుట, కావలివారిని నిలుపుట, కిరాయిల పట్టికను అందరికి కనబడునట్లు వ్రేలాడదీయుట, ఇవన్నియు సత్రము నడుపువాని పనులనిరి. చెట్టుకొమ్మలు సరిచూచుకొని పండుకొనుమని బాటసారికి చెప్పలేదు. నూటయేబది యేండ్లు దాటిన పిదప మనము సాధించిన ప్రగతి యేమనగా, కొమ్మ నరకు కత్తిని బాటసారి చేతికే యిచ్చితిమి. హెచ్చరిక ఇచ్చుట పాలన కాదు. దొంగ ఏ దారిన వచ్చునో అంత వివరముగ తెలిసినవారు ఆ దారిని మూయక, ఇంటివాని మతిమరపును తిట్టుట సిగ్గుమాలిన పని.

నిన్న మరల ఆ నీలిగేటు వద్దకు పోయితిని. వాచ్‌మన్ లెక్క పందొమ్మిదికి చేరినది. లెక్కను అతడు గోడమీదనే, బొగ్గుగీతలతో, అయిదేసి చొప్పున కట్టలు కట్టి పెట్టుచున్నాడు. "నా జీతం ఓనరిస్తడు సార్, గీ జవాబు చెప్పుడుకు ఎవరిస్తరు?" అని అడిగెను. బొగ్గురాత వానకు పోవుననియు, ఇప్పుడు వచ్చువారిలో తెలుగు చదువరానివారు ఎక్కువైరనియు చెప్పెను. మేడ్చల్ పోయి ఒక ఎర్రరంగు డబ్బా, ఒక కుంచె కొని తెచ్చి యిచ్చితిని. తెలుగు అతడు వ్రాసెను. హిందీ, ఇంగ్లీషు నేను వ్రాసితిని.