రక్సౌల్ టాంగా ఆత్మకథ

నేనొక టాంగాని, అంటే గుర్రబ్బండిని. ఉండేది బీహార్ కొసన, తూర్పు చంపారన్ జిల్లా రక్సౌల్లో. సిర్సియా వాగు మీద మైత్రీ వంతెన దాటామా, నేపాల్లోని బీర్‌గంజ్. 1950 నాటి ఒప్పందం పుణ్యమా అని రెండు దేశాల వాళ్లకూ వీసా గొడవ లేదు. మూడో దేశం వాళ్లయితేనే కాగితాలు, ముద్రలు. హైదరాబాద్ రైలు దిగి పశుపతినాథుడి దర్శనానికి పోయే మీవాళ్లనూ బీర్‌గంజ్ దాకా మోశాను. సంచుల్లోంచి వచ్చే ఆవకాయ వాసనకే పోల్చుకునేదాన్ని.

ఒకప్పుడు జనం ఇటునుంచి అటు పోయేవారు. బీర్‌గంజ్ కొట్లలో విదేశీ గొడుగులు, గడియారాలు, గుడ్డలు దొరికేవి. 1991 తర్వాత అవన్నీ ఇండియాలోనే దొరకసాగాయి. గాలి ఇటు మళ్లింది. పెళ్లి బట్టలకూ పచారీ సరుకులకూ నేపాల్ ఆడవాళ్లే రక్సౌల్ రావడం మొదలెట్టారు.

ఒకావిడ నా వెనక పలక మీద కూర్చుని కొత్త చీర చీటీని పళ్లతో కొరికి తీసేసింది. మడతలు కావాలని నలిపింది. కట్టుకున్న చీర మీదే దాన్నీ చుట్టబెట్టుకుని, ఏమీ ఎరగనట్టు తమలపాకు నమలసాగింది. వంద నేపాలీ రూపాయలు దాటిన సరుకుకు సుంకం కట్టాలని అక్కడి నిబంధన మరి! కస్టమ్స్ వాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నన్నాళ్లూ రక్సౌల్ బట్టల కొట్లు కిటకిటలాడతాయి. వాళ్లు పట్టు బిగిస్తే కొట్టు సేటు ఈగలు తోలుకుంటాడు.

2016 ఏప్రిల్లో బీహార్‌లో మద్యనిషేధం వచ్చాక సాయంత్రం కిరాయిలకు కొదవ లేదు. అటు పోయేటప్పుడు పైసా పైసాకూ బేరమాడిన పెద్దమనిషి తిరిగొచ్చేటప్పుడు అడిగినంతా ఇచ్చేవాడు.

అంతకు కొద్ది నెలల ముందే పెద్ద గండం గడిచింది. 2015 సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం నచ్చని మధేశీలు, అంటే ఆ దేశపు దక్షిణ మైదానాల జనం, వంతెన మీద బైఠాయించారు. లారీలు నిలిచిపోయాయి. కొండల మీద గ్యాస్ లేదు, పెట్రోలు లేదు. ఇక్కడి కుర్రాళ్లు డబ్బాల్లో పెట్రోలు దాటించి నాలుగు డబ్బులు వెనకేసుకున్నారు. 2016 ఫిబ్రవరిలో ఆ గుడారాలు పీకింది ఎవరనుకున్నారు? బేరాల్లేక విసిగిపోయిన వ్యాపారులూ ఊరి జనమూ!

తర్వాత సరుకు తన దారి తాను వెతుక్కుంది. 2018లో లారీలకు వేరే చెక్‌పోస్టు తెరిచారు. 2019లో మోతీహారీ నుంచి అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను వేసి పెట్రోలియం పంపడం మొదలెట్టారు. దుమ్ము తగ్గింది, సంతోషమే. కానీ పైపులో పోయే డీజిల్ దారిలో ఆగి టీ తాగదు కదా!

2020 మార్చిలో కరోనా భయంతో గేటు పడింది. లారీలు నడిచాయి, మనుషులు ఆగిపోయారు. వ్యాపారం సాగుతోందని పైవాళ్లు లెక్క చూపించి ఉంటారు. ఊళ్లో లాడ్జీ, బట్టల కొట్టు, కూలీ, నేనూ పస్తే. ఇక్కడిది రోటీ-బేటీ సంబంధం. కోడలు ఇటు, ఆమె పుట్టిల్లు అటు. పురుడు పోయాల్సిన తల్లి గేటు అవతలే ఉండిపోయింది. సరిహద్దు ఊరు బతికేది కాలినడకన దాటే మనిషి మీదేనని ఎవరైనా అడిగితే చెబుతాను, ఎవరూ అడగరు.

అలాగని దాటేవాళ్లంతా చుట్టాలు కారు. ఉద్యోగమని మాయమాటలు చెప్పి ఆడపిల్లల్ని తీసుకొచ్చేవాళ్లుంటారు. సరిహద్దు కాపలా కాసే సశస్త్ర సీమా బల్ జవాన్లూ స్వచ్ఛంద సంస్థల ఆడవాళ్లూ వంతెన దగ్గర ఆపి ప్రశ్నించేది అందుకే. అలా ఎవరినైనా దించేస్తే నా కిరాయి పోతుంది. పోనీ!

ఇప్పుడు ఈ-రిక్షాలదే రాజ్యం. మీరొస్తే ఏది ఎక్కినా సరే, ముందే కిరాయి ఐసీయా, ఎన్సీయా అని అడగండి. అంటే ఇండియా రూపాయా, నేపాల్ రూపాయా అని. మన వందకు వాళ్లది నూట అరవై, 1993 నుంచీ ఇదే లెక్క. ఈ వంతెన మీద సగం తగాదాలు ఆ అరవై దగ్గరే.