ఎర్రదానికి ఒగరు, తెల్లదానికి పులుపు

వనపర్తి బస్టాండులో దిగినవాడికి పెద్దగా తిరగకుండానే 'వైన్స్' అనే బోర్డు ఎదురొస్తుంది. ఆ బోర్డును అక్షరాలా నమ్మి, లోపలికి పోయి వైన్ అడిగినవాళ్ళు ఎందరున్నారో గాని ఈ వ్యాసకర్త మాత్రం ఒకడు. జాలీ వెనక నిలబడ్డ పిల్లవాడు ఆయనను ఎగాదిగా చూసి, "వైన్ అంటే ఏది సార్?" అన్నాడు. "వైనే నాయనా. ద్రాక్షది" అన్నాడు వ్యాసకర్త. పిల్లవాడు లోపలికి తిరిగి, "అన్నా, ఈ సారు ద్రాక్షరసం అడుగుతుండు!" అని కేకేశాడు. వరుసలో ఉన్న నలుగురూ ఒక్కసారిగా తిరిగి చూశారు. ఆ చూపుల్లో ఎగతాళి లేదు, జాలి ఉంది. చివరికి పై అరలోంచి దుమ్ముపట్టిన సీసా ఒకటి దిగింది. పోయిన ఏడాది ఎవరి పెళ్ళికో చెప్పి తెప్పించుకొని, తీసుకుపోనిదట. ఎండాకాలమంతా రేకుల కప్పు కింద నిలబడి తపస్సు చేసిన ఆ సీసాకు ఓ దండం పెట్టి వ్యాసకర్త బయటపడ్డాడు.

తెలంగాణలో ఇట్లాంటి దుకాణాలు 2,620. 2023లో వీటి లైసెన్సుల కోసం లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. అది కట్టాక కూడా దుకాణం దక్కేది లాటరీలోనే. ఇంత పోరాడి తెరిచిన కొట్లో దొరికేది విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. ఉప్మా ఒక్కటే చేసే హోటలు ముందు 'మీల్స్ రెడీ' అని పలక వేలాడదీసినట్టు, బోర్డు మీద మాత్రం వైన్స్.

అసలీ ముసలితనంలో ఆయనకు వైన్ ఎందుకు కావలసి వచ్చిందంటే, తప్పంతా అల్లుడిది. కాలిఫోర్నియాలో కూతురింటికి పోయినప్పుడు అల్లుడు ఆయనను నాపా లోయకు తీసుకుపోయాడు. అక్కడ ఒక చల్లని గదిలో నిలబెట్టి, గ్లాసు అడుగున రెండు గుక్కలు పోసి, చేతికో కాగితం ఇచ్చారు. ముందు చూడాలి, తర్వాత గ్లాసు తిప్పాలి, ముక్కు లోపల పెట్టి పీల్చాలి, ఆ తర్వాతే నోట్లో పోసుకొని, పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మాలి. పైగా ఏమనిపించిందో చెప్పాలి.

"ఇది డ్రై మామయ్యా" అన్నాడు అల్లుడు.

"డ్రై అంటే?"

"పొడి."

గ్లాసులో గలగలలాడుతున్నది పొడిగా ఎట్లుంటుందో వ్యాసకర్తకు బోధపడలేదు. తీపి లేకపోవడాన్నే వాళ్ళు పొడి అంటారని తేలడానికి మూడు గ్లాసులు పట్టింది. కాగితం చదువుతుంటే ఇంకా వింతలు. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్లదానిలో కోసిన పచ్చగడ్డి, పిల్లి మూత్రం. రీస్లింగ్ ముదిరితే పెట్రోలు. కొన్ని ఎర్రవాటిలో చెమటపట్టిన గుర్రపు జీను. ఇవి తిట్లు కావు, చాలాసార్లు మెచ్చుకోళ్ళే. మన ఇంట కాఫీ తాగిన చుట్టం లేచిపోతూ "గుర్రపు జీను వాసన బాగా కుదిరిందమ్మా" అంటే ఇల్లాలు ఏం చేస్తుందో పాఠకులకు తెలుసు. కాకపోతే వీటిలో కొన్నిటికి రసాయనశాస్త్రం సాక్ష్యం ఉంది. షిరాజ్ వైన్‌లో మిరియాల వాసన వస్తుందంటే అది ఊహ కాదు. మిరియాలకు ఆ వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థమే అందులోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. గుర్రపు జీను వాసన ఒక రకం ఈస్టు చేసే పని.

ఎర్రదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోసే అమ్మాయి కష్టంలో పడింది. నాలుక మీద గరుకుగా పట్టేస్తుందనీ, ముదర టీ తాగినట్టనీ, నోరు ఎండుతుందనీ చేతులు తిప్పుతూ చెప్పింది. వ్యాసకర్తకు ఆమెను చూస్తే పాపం అనిపించింది. పాలమూరులో దీన్ని మూడక్షరాల్లో తేలుస్తారు: ఒగరు. పుస్తకాల్లో వగరు. లేత మామిడిపిందె కొరికిన పిల్లవాడికీ, ఉగాది పచ్చడి నాకిన వాడికీ, వక్క నమిలే ముసలమ్మకూ తెలిసిన రుచి. ఆరు రుచుల్లో ఒక కుర్చీ దానిదే.

ఈ ఒగరే ఎర్రదానికీ తెల్లదానికీ మధ్య అసలు గెట్టు. నల్లద్రాక్షను పిండినా వచ్చే రసం దాదాపు నీళ్ళరంగే. రంగంతా తొక్కలో ఉంటుంది. తొక్కతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్, పిండి తొక్క తీసేసి పులియబెడితే తెల్లది. షాంపేన్ సీమలో నాటిన ద్రాక్షలో ఎక్కువ పాలు నల్లదేనంటే ముందు ఎవరూ నమ్మరు. తొక్క నుంచి రంగుతో పాటు టానిన్లు దిగుతాయి. అవి నోటి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది. తెల్లదానిలో ఆ పట్టు ఉండదు గనుక పులుపు పెత్తనం చేస్తుంది.

ఇంత జ్ఞానం మూటగట్టుకొని ఇల్లు చేరిన మనిషి ఊరుకుంటాడా? వనపర్తి రాజావారి కోటలో నడిచే పాలిటెక్నిక్‌లో తనతో చదివిన ఇద్దరిని పిలిచాడు. ఒకడు గద్వాలవాడు, ఇంకొకడు నాగర్‌కర్నూల్‌వాడు. సీసాలు హైదరాబాదు నుంచి వచ్చాయి: నాసిక్ దగ్గర పండిన సావిన్యాన్ బ్లాంక్ ఒకటి, బెంగళూరు పక్క నందికొండల దిక్కున పండిన కాబర్నే-షిరాజ్ ఒకటి. స్థలం కొల్లాపూర్‌లో ఒక మామిడితోట. నెల ఏప్రిల్. కాయ నిండుగా ఉంది, నీడ కొంచెం ఉంది, గాలి అసలు లేదు.

గద్వాల మిత్రుడికి వైన్ కంటే భూగోళం మీద మోజు. బోర్డో సీమలో గరోన్, దోర్దోన్య అనే రెండు నదుల నడుమ ఆంత్ర్-దు-మేర్ అని ఒక ముక్క ఉందనీ, అది తెల్ల వైన్‌కే పేరుపొందిందనీ వ్యాసకర్త చెప్పగానే లేచి కూర్చున్నాడు. "అంటే మా నడిగడ్డే గదరా! వాళ్ళకు రెండు నదులు, మాకు కృష్ణ, తుంగభద్ర. వాళ్ళు ద్రాక్ష పెట్టిన్రు, మేం పత్తి విత్తనం పెట్టినం. అంతే తేడా." ఆ రోజంతా తెల్ల గ్లాసును సొంత ఊరి సరుకులా పట్టుకొని తిరిగాడు.

మొదటి చిక్కు వేడి. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలని పుస్తకాలు రాస్తాయి. ఆ గది ఫ్రాన్సుది, 16 నుంచి 18 డిగ్రీలు. కొల్లాపూర్‌లో ఏప్రిల్ పగటిపూట ఆ లెక్కన ఏ గదీ దొరకదు. ఎర్రదాన్ని తడిగుడ్డ చుట్టి రంజన్‌లో ముంచారు. తెల్లదానికి ఇంకా చల్లదనం కావాలి గనుక సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ తెప్పించి బకెట్లో పెట్టారు. పుస్తకంలో బకెట్ ఉమ్మడానికి. ఇక్కడ దానికి అంతకంటే గౌరవమైన పని దొరికింది.

రెండో చిక్కు గ్లాసు తిప్పడం. నాగర్‌కర్నూల్ మిత్రుడు మొదటి తిప్పులోనే సగం ధోవతికి తాగించాడు. మిగిలిన సగం గ్లాసు లోపలి గోడల వెంట సన్నని ధారలుగా జారింది. ఆల్కహాలు నీళ్ళకంటే ముందు ఆవిరై, పైన మిగిలిన పొరలోని బిగువు కింది ద్రవాన్ని పైకి లాగడం వల్ల వచ్చే ధారలవి. ఇంగ్లీషువాళ్ళు వాటిని కాళ్ళు అంటారు, ఫ్రెంచివాళ్ళు కన్నీళ్ళు. గద్వాల మిత్రుడు చూసి "నెయ్యి వంచిన గిన్నెలెక్క ఉంది" అన్నాడు. మూడింటిలో ఇదే సరైన వర్ణన అని వ్యాసకర్త అభిప్రాయం. పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. కాలిఫోర్నియాలోనే, డేవిస్ విశ్వవిద్యాలయంలో, ఆన్ నోబుల్ అనే ఆచార్యురాలు 1980లలో వైన్ వాసనలన్నిటినీ ఒక చక్రంగా గీసింది. అందులో స్ట్రాబెర్రీ, బ్లాక్‌బెర్రీ, చెర్రీ ఉంటాయి. ఆ పండ్లలో సగం ఈ ముగ్గురూ బొమ్మల్లో తప్ప చూసింది లేదు. కనుక ఎర్రదానికి నేరేడుపండు, జొన్నరొట్టె మాడిన అంచు, వేయించిన పల్లికాయ అని రాసుకున్నారు. తెల్లదానికి పచ్చిమామిడి సొన, పండీపండని సీతాఫలం, తొలకరి మట్టి. ఈ చివరిదానికి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని గ్రీకు పేరు పెట్టారు. కన్నౌజ్ అత్తరువాళ్ళు అప్పటికే దాన్ని సీసాల్లో నింపి అమ్ముకుంటున్నారు.

అప్పుడు వచ్చాడు గౌడన్న. పక్క పొలం గట్టు మీద తాళ్ళు గీసి, మోకు భుజాన వేసుకొని ఇంటికి పోతున్నాడు. ఇంగ్లీషువాళ్ళు కల్లును తాటి వైన్ అనే అంటారు. ఆ లెక్కన ఆ జిల్లాలో అసలైన వైన్స్ యజమాని ఆయనే. చలికాలపు ఈతకల్లు వేరు, ఎండాకాలపు తాటికల్లు వేరు. పోతుతాడుది ఒక రుచి, పండుతాడుది ఇంకొకటి. పొద్దుటిది తియ్యగా, మాపటిది ఘాటుగా. ఏ చెట్టుది ఏదో రేక ఎత్తగానే చెప్పే మనిషి. పాలమూరులో ఇది సరదా విద్య కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ కలిపిన మందు కల్లు ఈ సీమను ఎంత పాడుచేసిందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలవాటుపడ్డవాళ్ళు, అది దొరకని రోజున వణుకుతూ ఆసుపత్రులకు చేరారు. చెట్టు కల్లు రుచి ఎరిగిన నోరు ఒక్కటి ఇంట్లో ఉన్నా మేలే.

వ్యాసకర్త ఒక కుట్ర దాచిపెట్టుకొని వచ్చాడు. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో బోర్డో విశ్వవిద్యాలయంవాళ్ళు వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు దాన్ని ఎర్రవైన్ మాటలతోనే వర్ణించారు. ముక్కు కంటి మాట విన్నది. అంతకు ముందు, 1976 మే 24న, పారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు చూడకుండా రుచి చూసి, ఎర్రదానిలోనూ తెల్లదానిలోనూ కాలిఫోర్నియాకే మొదటి స్థానం ఇచ్చుకున్నారు. ఒకావిడ తన మార్కుల కాగితం తిరిగి ఇమ్మని అడిగింది కూడా.

ఇంత చరిత్ర ఉండగా కొల్లాపూర్‌ను ఎందుకు వదలాలి? చెట్టు చాటున తెల్లదానిలో మిఠాయి రంగు కలిపి మూడు గ్లాసులు తెచ్చాడు. గద్వాల మిత్రుడు కళ్ళు మూసి "నేరేడు... కొంచెం లవంగం" అన్నాడు. నాగర్‌కర్నూల్ మిత్రుడు "ఇది ఇందాకటి దానికంటే ముదురు" అని తీర్పిచ్చాడు. గౌడన్నకు మూడో గ్లాసు ఇచ్చి, తాగి ఉమ్మాలని చెబితే, "ఉమ్మేటందుకు ఎవలన్న చెట్టెక్కుతరా సారూ?" అన్నాడు. తాగి, నాలుకతో పళ్ళన్నీ తడిమి, గ్లాసును ఎండకు పెట్టి చూశాడు.

"దీంట్ల ఒగరేది సారూ? రంగొకటి చెప్తుంది, నోరొకటి చెప్తుంది. గిది ఆ తెల్లదే."

ముగ్గురు డిప్లొమాదారులు కాసేపు మామిడికాయలు లెక్కపెట్టారు. అయితే ఆ తర్వాత అసలైన ఎర్రదాన్ని ఇస్తే గౌడన్న గుక్క మింగి మొహం చిట్లించాడు. "ఇది నిల్వది. పారబోయుండ్రి." మూడేళ్ళ కిందటిదని చెబితే గ్లాసు కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. మాపటి కల్లునే మరునాడు ముట్టని మనిషికి మూడేళ్ళ సరుకు ఎంత గొప్పదో ఒప్పించడం ఎవరి వల్లా కాలేదు.

మిగిలిన తెల్లదాన్ని వ్యాసకర్త ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టి మరిచిపోయాడు. వినెగర్ అనే మాటకు ఫ్రెంచిలో పుల్లబడ్డ వైన్ అనే అర్థం. పాలమూరు ఎండ పదిహేను రోజుల్లో ఆ అర్థం నిజం చేసింది. ఆయన భార్య మూత తీసి వాసన చూసి, ఇంకేమీ అడగకుండా ఇత్తడి బిందె మీద పోసి తోమింది. బిందె తళతళలాడింది.

"ఎట్లుంది?" అన్నాడు వ్యాసకర్త, కాగితం కలం పట్టుకొని.

"చింతపండంత కాదు. పర్వాలేదు."