మైనస్ 40 మామ

తిరుపతిలో ఏప్రిల్ నెల మధ్యాహ్నం. గోవిందరాజస్వామి గుడి ముందర బండల మీద కాలు మోపితే అరికాలు అట్టు అయిపోతుంది. దానికి తోడు కరెంటు పోయింది. అలాంటి వేళ బనియనుతో అరుగు మీద కూర్చుని, విసనకర్ర ఊపుకుంటూ, మంచులో ఫిల్ము కెమెరా ఎట్లా వాడాలో ఎదురింటి కుర్రాడికి నేర్పుతున్న పెద్దమనిషి కనబడితే ఆయనే మైనస్ 40 మామ. ఒక్కడే అనుకునేరు. భవానీనగర్‌లో ఒకరు, చిత్తూరులో ఒకరు, మదనపల్లెలో ఇద్దరు. పేర్లు వేరు, కెమెరాలు వేరు, ఉపన్యాసం మాత్రం ఒకటే.

బిరుదు ఊరికే రాలేదు. నికాన్ ఎఫ్‌ఎం2 అనే పాత ఫిల్ము కెమెరా మైనస్ 40 నుంచి 50 డిగ్రీల దాకా పనిచేస్తుందని దాన్ని చేసిన కంపెనీ చెప్పుకుంది. రేణిగుంట ఎండకు పనికొచ్చేది ఆ 50. మామ మనసు దోచింది మైనస్ 40. అక్కడ సెంటీగ్రేడూ ఫారెన్‌హీటూ కలిసిపోయి రెండూ ఒకే అంకె చూపిస్తాయని, అడక్కపోయినా చెబుతాడు.

చిక్కేమిటంటే, మామ చెప్పేదాంట్లో తప్పు ఉండదు. చలికి సెల్లు నీరసపడుతుంది. షట్టర్‌లోని గ్రీజు ధనుర్మాసపు నెయ్యిలా బిగుసుకుంటుంది. ఫిల్ము అప్పడం లాగా పెళుసెక్కి, గట్టిగా తిప్పితే పుటుక్కుమంటుంది. పొడి చలిలో రోలును గబగబా వెనక్కి చుడితే లోపల సన్నటి మెరుపులు పుట్టి, ఫోటో కడిగాక కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తాయి. ఒట్టి చర్మం ఇనుముకు తగిలిందా, అంటుకుపోతుంది. స్కాట్ దండుతో అంటార్కిటికా వెళ్లిన ఫోటోగ్రాఫర్ పాంటింగ్ నాలుక కెమెరా లోహానికి అట్లాగే అతుక్కుపోయింది. "అందుకే అబ్బయ్యా, కెమెరాను నాకగూడదు" అంటాడు మామ. కుర్రాడు ఏనాడూ నాకింది లేదు.

"సెల్లు పూర్తిగా చస్తేనో మామా?"

"యాషికా ఎలక్ట్రో అయితే ఒకే వేగం మిగులుతుంది, సెకనులో 500వ వంతు. ఇదో, ఈ పెంటాక్స్ కె1000కి సెల్లుతో పనే లేదు. మీటరు ముల్లు ఒకటే పడుకుంటుంది. షట్టర్ నిక్షేపంగా పడుతుంది."

సిద్ధాంతం ఉంటే చాలదు, ప్రయోగం కావాలి. తిరుపతిలో మంచు దొరికే చోటు ఫ్రిజ్జు పైఅర ఒకటే, అక్కడ మైనస్ 18. ఒక రాత్రంతా కె1000 ఐసు ట్రేల పక్కన పడుకుంది. తెల్లారి బయటికి తీసి నొక్కితే ఠక్కుమంది. మామ గెలిచాడు. నిమిషం తిరక్కముందే ఊళ్లో ఉన్న తేమంతా వచ్చి దాని మీద వాలి, అద్దం మీద నీళ్లు ధారకట్టాయి. నిజానికి కెమెరాకు చలి కంటే చలిలోంచి వెచ్చదనంలోకి రావడమే పెద్ద గండం. లోపలికి తెచ్చేముందే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించాలి. చెమ్మ సంచికి పడుతుంది, కెమెరా లోపల మెల్లగా వేడెక్కుతుంది. ఇది మామకు తెలియనిదేం కాదు, ఉత్సాహంలో మరిచాడు.

"దానికి చెమటలు పడతా ఉండాయి, ఫ్యాను కింద పెట్టండి" అంది అత్త.

నిక్కమైన చలి తిరుపతి నెత్తిమీదే ఉంది. పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి నుంచి వదిలే బెలూన్లు 17 కిలోమీటర్ల ఎత్తుకు పోయేసరికి మైనస్ 80 దరిదాపుల చలిని కొలుస్తాయి. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఆ ఎత్తున గాలి మామూలుగా ధ్రువాల మీదికంటే చల్లగా ఉంటుంది. సంగతి తెలిసిన రోజు మామ చాలాసేపు ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. 17 కిలోమీటర్లంటే చంద్రగిరి పోయి కాస్త ముందుకెళ్లినంత దూరం. కానీ ఆ దారిలో బస్సు లేదు.

బస్సుండే చలి హార్స్‌లీ హిల్స్, పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. 1,250 మీటర్లకు పైబడిన ఎత్తు. పళ్లు టకటకలాడతాయి గానీ నీళ్లు గడ్డకట్టవు. ఏటా డిసెంబరులో మామ మదనపల్లె మీదుగా అక్కడికి ధ్రువయాత్రకు బయల్దేరతాడు. మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, బనియనుకు లోపల కుట్టించుకున్న జేబు. జేబులో స్పేర్ సెల్లు, ఒంటి వెచ్చదనానికి. బజ్జీలేస్తున్న ఆమె నేతచీర కట్టుకుని, తలకొక తువ్వాలు చుట్టుకుని ఉంది. మామను ఎగాదిగా చూసి, "ఏం సామీ, జొరమా?" అంది.

తెల్లారగానే లోయ నిండా పొగమంచు. ఊటీ మంచులో పి.సి. శ్రీరామ్ తీసిన 'గీతాంజలి' (1989) మామకు గుర్తొచ్చింది. తెల్లదనం చూసి మీటరు మోసపోతుందనీ, చెప్పినట్టు వింటే మంచు బూడిదరంగులో వస్తుందనీ, ఒక స్టాపు పైన వెలుతురు ఇవ్వాలనీ తెలుసు. ఒకటా, ఒకటిన్నరా? లెక్క తేలేలోపు ఎండొచ్చింది, మంచు పోయింది. మామ కెమెరాను బుద్ధిగా సంచిలో కట్టి, గదిలో మూడు గంటలు కాపలా కాశాడు. ఈలోగా మేనల్లుడు ఫోనులో తీసిన పొగమంచు చుట్టాలందరికీ చేరిపోయింది.

36 ఫోటోల రోలులో ఆ యాత్రకు అయినవి 14. మిగతావి వచ్చే మార్గశిరానికి. అంతదాకా రోలు కెమెరాలో, కెమెరా సంచిలో, సంచి ఫ్రిజ్జులో. దాని వెనక, గోంగూర పచ్చడి జాడీ పక్కన, నిండిన పాత రోళ్లు పదకొండేళ్లుగా ఉన్నాయి. చల్లదనం ఫిల్మును కాపాడుతుందన్నదీ నిజమే. ఎప్పుడు కడిగిస్తావని ఎవరైనా అడిగితే ఆండ్రే కథ ఎత్తుకుంటాడు. 1897లో బెలూనెక్కి ఉత్తరధ్రువానికి బయల్దేరిన ముగ్గురు స్వీడన్‌వాళ్లు ఒక మంచుదీవిలో చనిపోయారు. వాళ్ల ఫిల్ములు 1930లో దొరికాయి. కడిగితే 93 ఫోటోలు వచ్చాయి.

"ముప్పైమూడేండ్లు మంచులో ఉంటేనే ఏం కాలే. మనకు పదకొండేండ్లకే తొందరేంది?"

అత్త ఆ రోళ్లను ఇంకాస్త వెనక్కి నెట్టి, పెరుగు గిన్నెకు చోటు చేసుకుంది.