రంగొచ్చింది గాని కాయ మాగలేదు

ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాసి మా ఊరు వినగడప వచ్చిన వేసవిలో నేను చేసిన పని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. తెలియక చేసుంటే ఇంత బాధ ఉండేది కాదు. చదివిన పాఠాన్ని అక్షరాలా పాటించి మరీ చేశాను.

తోటలో బంగినపల్లి కాయలు ఇంకా ముదరలేదు. ముచ్చిక పక్కన భుజాలు నిండనే లేదు. ముందుగా అమ్మితే ధర పలుకుతుందన్న ఆశతో, నాన్న ఊళ్లో లేనప్పుడు దించి పాకలో గడ్డి మీద పోశాను. మగ్గబెట్టడానికి కార్బైడ్ గడ్డలు తెచ్చాను. ఉపరితల వైశాల్యం పెరిగితే చర్యా వేగం పెరుగుతుందని రసాయన గతిశాస్త్రంలో చదివాను కదా! గడ్డల్ని నలగ్గొట్టి పొడి చేసి, కాగితం పొట్లాలు కట్టి, కాయల మధ్య పెట్టి పట్టా కప్పాను.

కాయల చెమ్మ తగిలితే కార్బైడ్ నుంచి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, సున్నం మిగులుతుంది. అది ఉష్ణమోచక చర్య. గడ్డయితే నిదానంగా వదిలే వేడిని పొడి ఒక్కసారిగా వదిలేసింది. పట్టా ఎత్తితే వేడి ఆవిరి, వెల్లుల్లి లాంటి ఘాటు. పొట్లాలకు ఆనుకున్న కాయల తొక్క కమిలిపోయింది. గాలిలో 2.5 శాతం చేరితే చాలు, ఎసిటిలీన్ అంటుకుంటుంది. ఆ పాకలో ఎవరైనా బీడీ వెలిగించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది.

మిగిలిన కాయలు పసుపు తిరిగాయి. ఒకటి కోసి చూశాను. టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా ఉంది. చూసి కూడా మిగతావి తిరువూరు తీసుకెళ్లి అమ్మేశాను. కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం మలినాలుంటాయని, దానితో పళ్లు మగ్గబెట్టడాన్ని చట్టం నిషేధించిందని తర్వాత తెలిసింది. ఆ కాయలు ఏ పిల్లలు తిన్నారో నాకు తెలియదు. నా తప్పులో క్షమించరానిది అదే.

నా బుద్ధితక్కువ ఎక్కడుందో అర్థమవడానికి చాలాకాలం పట్టింది. అక్కడ జరిగే చర్యలు రెండు. ఒకటి కార్బైడ్‌కీ చెమ్మకీ మధ్యది. రెండోది కాయ లోపలిది: ఎంజైముల సాయంతో పిండిపదార్థం చక్కెరగా మారడం. నేను పెంచింది మొదటిదాని వేగం. ఎసిటిలీన్ తొక్క రంగు మార్చగలదు గాని, ముదరని కాయలో చేరని పిండిని చక్కెర చేయలేదు. క్రియాజనకమే లేనిచోట ఎంత తొందరపెట్టినా ఫలితం రాదు.

నాన్న ముదిరిన కాయల్నే దించి వరిగడ్డిలో మాగేసేవారు. అదంతా పాతకాలపు ఓపిక అనుకున్నాను. నిజానికి అందులో ఉన్నది నా పాఠమే. కాయ ఊపిరి తీయడమూ ఉష్ణమోచక చర్యే. ఆ వేడిని గడ్డి పోనివ్వదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. కాయ విడిచే ఇథిలీన్ కూడా గడ్డిలో నిలిచి పక్క కాయల్ని మాగిస్తుంది. శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లో ఉష్ణోగ్రతకూ వేగానికీ సంబంధాన్ని సమీకరణంగా రాశాడు. దాన్ని పరీక్షలో తప్పు లేకుండా రాసిన నాకు మా పాకలో జరిగేది కనిపించలేదు.

ఇప్పుడు తొందర ఉన్నవాళ్లకు చట్టం ఒప్పుకున్న దారి ఉంది: మూసిన గదిలో 100 పీపీఎం మించకుండా ఇథిలీన్ వాయువు. అదైనా ముదిరిన కాయకే. చర్యా వేగం పాఠం చదివే ప్రతి పిల్లవాడికీ ఏది పెంచుతున్నామో, అది ఎవరి నోట్లోకి వెళుతుందో కలిపి చెప్పాలి. నాకు చెప్పేవాళ్లు లేకపోయారని అనను, నేనే అడగలేదు.