మడి కట్టుకున్న గిటార్

అమెరికాలో పాత మార్టిన్, గిబ్సన్ గిటార్ల బేరాల్లో పాటించే మడి ముందు మన పాతకాలపు వంటిళ్లు దిగదుడుపే. పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో 1930ల్లో తయారైన మార్టిన్ డి-28 అమ్మకానికి వచ్చిందంటే, మడి పట్టింపున్న కొనుగోలుదారు ముందుగా తీగ మీటడు. లైట్లు ఆర్పి, అతినీలలోహిత దీపం వెలిగించి, తర్వాతెప్పుడో పడిన పూత ఎక్కడైనా బయటపడుతుందేమో వెతుకుతాడు. లోపలికి చిన్న అద్దం దూర్చి, పగుళ్లకు అతికించిన చెక్క బిళ్లల్ని లెక్కపెడతాడు. పరాయి చెయ్యి పడకపోతే పవిత్రం, పడితే ధరలో కోత. మరమ్మతు చేయించుకుని హాయిగా పలికే గిటార్‌కు ‘ప్లేయర్ గ్రేడ్’ అని ముద్ర వేసి కింది పంక్తిలో కూర్చోబెడతారు. వాయించడానికి పనికిరావడమే వాయిద్యానికి తక్కువతనం కావడం ఈ శాస్త్రం సాధించిన ఘనత.

ఈ మడి ఎన్నాళ్లు నిలుస్తుందో గిటార్ కట్టుబడిలోనే ఉంది. ఆరు ఉక్కు తీగలూ కలిసి సుమారు డెబ్బై కిలోల బలంతో లాగుతుంటాయి. దాన్ని ఓర్చుకునేది సుమారు మూడు మిల్లీమీటర్ల మందం స్ప్రూస్ పలక, దాని అడుగున సన్నటి ఆధారపు చెక్కలు, అంటే బ్రేసులు. ఇంకా దళసరిగా కడితే విరగదు, పలకదు కూడా. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ తీగలు బిగించిన బ్రిడ్జి వెనక పలక ఉబ్బుతుంది, నెక్ ముందుకు వాలుతుంది, తీగలు వేలికి అందనంత ఎత్తుకు లేస్తాయి. అప్పుడు ఆవిరి పట్టి నెక్ ఊడదీసి, కోణం సరిచేసి, మళ్లీ అతికించాలి. పాత డవ్‌టెయిల్ జాయింటులోని చర్మపు జిగురు వేడికీ తేమకూ వదులుతుంది కాబట్టే ఇది సాధ్యం. ఈ నెక్ రీసెట్ మామూలు సంరక్షణేనని పేరున్న వ్యాపారులూ ఒప్పుకుంటారు. కానీ అదే తీగల రాపిడికి అరిగిన ఫ్రెట్లు మార్చినా, అదే లాగుడుకు చీలిన బ్రిడ్జి మార్చినా మొహం ముడిచేవాళ్లున్నారు. ఒకే కారణంతో వచ్చిన జబ్బుల్లో ఒకదాని వైద్యం సంరక్షణ, మరొకదాని వైద్యం మైల ఎలా అయ్యాయో వాళ్లే చెప్పాలి.

పైగా ఫ్యాక్టరీ చేసిందల్లా వేదమా? మార్టిన్ కంపెనీ, గీతలు పడకుండా కాచే సెల్యులాయిడ్ పిక్‌గార్డును చాలాకాలం పూత లేని పచ్చి చెక్క మీదే అతికించింది. సెల్యులాయిడ్ కాలక్రమేణా కుంచించుకుపోయి, తనతోపాటు చెక్కనూ లాగి చీల్చింది. ఆ పగులు పాత మార్టిన్లకు పుట్టుమచ్చలాంటిది. ఫ్యాక్టరీ చేసిన తప్పు ఒరిజినల్, దాన్ని సరిదిద్దినవాడి ఒప్పు కళంకం!

అపచారాలన్నీ ఒంటబట్టించుకున్న గిటార్ ఒకటుంది. ఒకప్పుడు గిటారిస్టు క్లారెన్స్ వైట్ వాయించిన 1935 నాటి డి-28ను 1975లో మరో గిటారిస్టు టోనీ రైస్ 550 డాలర్లకు కొన్నాడు. అప్పటికే దాని సౌండ్‌హోల్ పెద్దదై, ఫింగర్‌బోర్డు మారిపోయి ఉంది. ఆ గిటార్ మీదే రైస్ బ్లూగ్రాస్ సంగీతంలో గిటార్ వాయింపుకు కొత్త దారి వేశాడు. శాంటా క్రజ్ గిటార్ కంపెనీ ఆ పెద్ద రంధ్రాన్నే అనుకరించి ఆయన పేరిట కొత్త గిటార్లు చేసింది. ఆ విలువ వాయించినవాడి పేరుదే తప్ప గిటార్‌ది కాదంటారా? ధర విషయంలో నిజమే. కానీ ఆ పేరు తెచ్చిపెట్టిన నాదం ఈ ‘మైలపడ్డ’ చెక్కలోంచే వచ్చిందిగా.

ఒరిజినాలిటీ పక్షాన న్యాయమైన వాదనలూ ఉన్నాయి. పాత పూత గీకేసి దళసరిగా కొత్త వార్నిష్ పూస్తే నాదం అణుగుతుంది, ఆనాటి పనితనపు ఆనవాళ్లు చెరిగిపోతాయి. అలాంటి రీఫినిష్‌కు ధర తగ్గించడం సబబే. మ్యూజియంకు ముట్టని నమూనా కావాలి, అదీ ఒప్పుకుందాం. రిపేరీలు దాచి అమ్మే మోసగాళ్లున్నారు కాబట్టి అనుమానం తప్పదన్నది మూడో మాట. ఇక్కడే తర్కం తిరగబడుతుంది. నిజం చెప్పినవాడికి కోత, దాచినవాడికి నిండు ధర ఇచ్చే బజారే ఆ మోసగాళ్లకు జీతమిచ్చి పోషిస్తోంది. అడగాల్సింది రిపేరీ జరిగిందా అని కాదు, ఎలా జరిగిందని. పగులు సమంగా అతికిందా, బ్రేసులు బిగువుగా ఉన్నాయా, తీగల ఎత్తు సర్దడానికి బ్రిడ్జి మీది శాడిల్ ఇంకా మిగిలిందా, మీటితే పలుకుతోందా? పనివాడి రసీదును పాపాల చిట్టాగా చదివినంతకాలం అమ్మేవాళ్లు దాన్ని చింపేస్తూనే ఉంటారు.