నేను హాలియా ట్రాన్స్‌ఫార్మర్‌ను

సబ్‌స్టేషన్ నుంచి 11 కేవీ లైను మీద వచ్చే కరెంటును 433 వోల్టులకు దించి, హాలియా శివారులో పది పన్నెండు బోరు మోటర్లకు పంచడం నా పని. నా ఒంటి మీద 63 కేవీఏ అని రాసి ఉంటుంది. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు ఎక్కని చెలకల్లో వరి, బత్తాయి నన్ను నమ్ముకునే పెరుగుతున్నాయి.

ఒకప్పుడు త్రీఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది. ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియక రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. పాములు తిరిగే గట్ల మీద చీకట్లో నడవాల్సిన మనిషిని నేను తప్పుపట్టను. కానీ కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి. లేచేటప్పుడు మోటరు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజి పడిపోయేది, నాలో నూనె కాగేది. ఒక ఎండాకాలం నా కాయిలే కాలిపోయింది. నన్ను ట్రాక్టర్ మీద రిపేరు షెడ్డుకు తీసుకుపోయి తెచ్చేలోపు ఒక బత్తాయి తోట ఎండింది. ఆ బాధ నాకింకా తీరలేదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైంది. ఇక ఆటోస్టార్టర్‌తో పనేముంది? అది ఉంటే మడి నిండినా మోటరు ఆగదు, బోరు అడుగంటుతుంది.

నా పై లోకం చాలా పెద్దది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి ఢిల్లీ ఫ్యానుకూ నా కింది మోటరుకూ లయ ఒక్కటే, 50 హెర్ట్జ్. ఉత్పత్తి కంటే వాడకం పెరిగితే ఆ లయ జారుతుంది. పాలమూరు సోలార్ పలకల మీద మబ్బు కమ్మినప్పుడు బొగ్గు కేంద్రం వెంటనే పుంజుకోలేదు. నిమిషాల్లో ఆదుకునేది నీళ్లే. 2020 ఏప్రిల్ 5 రాత్రి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పితే 31 వేల మెగావాట్ల వాడకం ఒక్కసారిగా పడిపోయింది. అప్పుడు గ్రిడ్‌ను నిలబెట్టడంలో పెద్ద చెయ్యి జలవిద్యుత్ కేంద్రాలదే.

అలాంటి కేంద్రం మా పక్కనే ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలో 110 మెగావాట్ల యంత్రం ఒకటి, 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యంత్రాలు ఏడు. జలాశయం నుంచి దిగే నీటితో ఈ ఏడూ కరెంటు తీస్తాయి. కరెంటు మిగిలితే అవే వెనక్కు తిరిగి, దిగువన ఆగిన నీటిని మళ్లీ పైకి తోడతాయి. మధ్యాహ్నం మిగిలిన ఎండ కరెంటును రాత్రికి దాచగల దారి ఇంత దగ్గరలో ఉండటం నల్లగొండ జిల్లా భాగ్యం.

అయితే సాగర్ యంత్రాలు ఎంత కాపాడినా, నా దగ్గర వోల్టేజి కుంగితే రైతుకు ఆ కరెంటు అందనట్టే. అందుకే అడుగుతున్నా. ఆటోస్టార్టర్ ఇంకా ఉంటే తీసేయండి, మోటరుకు కెపాసిటర్ పెట్టించండి. సోలార్ కరెంటు దండిగా ఉండే పగటిపూటే నీళ్లు పారించండి.