రెండు కోట్లకు ఒక పల్లెటూరు

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఫ్లాటు, రేపల్లె దగ్గర పిత్రార్జితం రెండెకరాల మాగాణి, ఒక తల్లి, ఒక భార్య, ఒక కూతురు కలిగిన నేను పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా దాఖలు చేసుకుంటున్న ఫిర్యాదు ఇది. సంబంధిత శాఖ ఏదో తేలనందువల్ల పాఠకుల సమక్షంలో పెడుతున్నాను. మొదటి ప్రతివాది నా కూతురు. రెండో ప్రతివాది అమెరికా దేశపు భూగోళం.

అమ్మాయికి గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం. ఉన్నట్టుండి ఎంబీఏ చేస్తానంది. చెయ్యి, ఎవరొద్దన్నారు? నువ్వు రోజూ క్యాబులో వెళ్లే దారిలోనే ఐఎస్‌బీ ఉంది, 2001 నుంచీ అక్కడే ఉంది, ఏడాదిలో చదువైపోతుంది, శనివారం రాత్రి బస్సెక్కితే ఆదివారం పెసరట్టు వేళకి ఇంట్లో ఉంటావు అన్నాను. అది నా వంక జాలిగా చూసి, "ఏడాది కాదు నాన్నా, రెండేళ్ల ఫుల్‌టైమ్. అమెరికాలో. అదీ కాలేజీ టౌన్‌లో" అంది.

కాలేజీ టౌన్ అనగానే మొదట సంబరపడ్డాను. గుంటూరులో మాత్రం కాలేజీలకేం తక్కువ? ఇలాంటి ఊరే కాబోలు అనుకున్నాను. అప్పుడు మ్యాపు తెరిచి చూపించింది. తెర నిండా ఆకుపచ్చ. మధ్యలో ఒక నది. నది పక్కన ఓ చుక్క. ఆ చుక్క పేరు హానోవర్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం. జనాభా సుమారు 12 వేలు, కాలేజీ పిల్లల్ని కూడా కలుపుకుని. అక్కడ డార్ట్‌మత్ కాలేజీవారి టక్ స్కూలు ఉంది. 1900లో ఎడ్వర్డ్ టక్ అనే ఆయన తన తండ్రి పేరు నిలపడానికి మూడు లక్షల డాలర్ల రైల్వే షేర్లు రాసిస్తే పుట్టిందట. డిగ్రీ అయినవాళ్లకి వ్యాపారం నేర్పే స్కూళ్లలో ప్రపంచానికి అదే మొదటిదట. తండ్రి పేరు నిలపడం అన్న ముక్కని నేను ఇంట్లో రెండుసార్లు గట్టిగా చదివాను. ఎవరూ తలెత్తలేదు.

ఆ ఊరి మెయిన్ రోడ్డు మీదుగా అపలాచియన్ కాలిబాట పోతుంది. జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా 3,500 కిలోమీటర్ల దారి. నడిచేవాళ్లు తప్పిపోకుండా స్తంభాల మీద తెల్లగీతలు గీసి ఉంటాయట. అమ్మాయి ఇదంతా మురిసిపోతూ చెబుతుంటే మా అమ్మ మంచం మీంచి, "నడిచి వస్తున్నారంటే బస్సు లేదన్నమాట. రైలన్నా ఆగుతుందా తల్లీ?" అంది. నది దాటి అవతలి రాష్ట్రంలోకి వెళితే వైట్ రివర్ జంక్షన్ అని ఉంది నాయనమ్మా, రోజుకో రైలు వస్తుంది అంది అమ్మాయి. మా అమ్మ నావైపు తిరిగి, "మనూరికి అంతకంటే నయం గదరా. నువ్వే నిలవలేక వచ్చేశావు" అంది.

అసలు నా బాధంతా ఇక్కడే ఉంది. చదువు కోసం నేను ఊరొదిలి పట్నం చేరాను. మా నాన్న వడ్లమ్మి గుంటూరులో గది అద్దె కట్టాడు. నా కూతురు పట్నంలో పుట్టి, ఇంకా పెద్ద పట్నంలో ఉద్యోగం చేసి, చదువు కోసం పల్లెటూరికి పోతానంటోంది. అదీ ఫీజు, బస, తిండి, ఆరోగ్య బీమా కలుపుకుని రెండేళ్లకి రెండు కోట్ల పైమాట. పల్లెటూరికి పోవడానికి ఇంత అవుతుందని తెలిస్తే మేం అసలు బయటికి వచ్చేవాళ్లమే కాదు.

దాని వాదన దానికుంది. న్యూయార్కు లాంటి మహానగరంలో అయితే క్లాసవగానే ఎవరి దారి వాళ్లదట. కాలేజీ టౌన్‌లో అయితే పోవడానికి చోటుండదు కాబట్టి తోటివాళ్లంతా కలిసే తింటారు, కలిసే తిరుగుతారు, ఒకరి బతుకులు ఒకరికి తెలిసిపోతాయి. అందుకే పదేళ్ల తర్వాత ఫోన్ చేసినా పాత విద్యార్థులు ఎత్తి పలుకుతారట. మా ఊళ్లోనూ ఎవరింట్లో ఏం కూర వండారో మూడో వీధికి తెలిసేది. మేం దాన్ని పీడ అన్నాం. వీళ్లు దాన్నే కమ్యూనిటీ అని పేరుపెట్టి ఫీజు కడుతున్నారు.

హానోవర్ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాణ్ణి. జాబితాలో ఇంకా ఉన్నాయి. న్యూయార్కు రాష్ట్రంలో ఇతకా అనే ఊరు. కార్నెల్ విశ్వవిద్యాలయం గుట్ట మీద, ఊరు కింద, పక్కన కయూగా సరస్సు, మధ్య మధ్య లోయలు, జలపాతాలు. రాష్ట్రం పేరు చూసి మా ఆవిడ న్యూయార్కు నగరం పక్కనే అనుకుంది. బస్సులో నాలుగైదు గంటలు. అప్పట్నుంచి ఆవిడ ఫోన్లో గుంటూరు వాతావరణం తీసేసి ఇతకా పెట్టుకుంది. సంక్రాంతికి అరిసెలు ఒత్తుతూ నూనె చేత్తోనే ఫోన్ తాకి, "మైనస్ పన్నెండుటండీ" అంటుంది. ఏం చెయ్యను? చలికి నేను బాధ్యుణ్ణా?

వర్జీనియాలో షార్లెట్స్‌విల్ మరొకటి. జెఫర్సన్ 1819లో స్థాపించిన విశ్వవిద్యాలయం, అందులో డార్డెన్ స్కూలు. అక్కడ పాఠం చెప్పరట. నిజంగా ఏదో కంపెనీకి వచ్చిన కష్టాన్ని కథలా రాసి ముందురోజు చేతిలో పెడతారు. రాత్రంతా అయిదారుగురు కూర్చుని తర్జనభర్జన పడాలి. పొద్దున్న మేష్టారు చెప్పాపెట్టకుండా ఒకరిని లేపి "నువ్వయితే ఏం చేస్తావు?" అంటాడు. ఇంట్లో నన్ను ఏళ్ల తరబడి ఇలాగే లేపి అడుగుతున్నారు. నాకెవరూ డిగ్రీ ఇవ్వలేదు. ఉదయం అందరూ ఒకచోట చేరి కాఫీ తాగడం అక్కడి సంప్రదాయమట. మా ఇంట్లోనూ ఉందా సంప్రదాయం. అమ్మాయి ఒక్కరోజూ వేళకి లేవలేదు. ఇక మిషిగన్‌లో ఆన్ ఆర్బర్. జనాభా లక్షా పాతికవేలు కూడా లేదు గానీ ఫుట్‌బాల్ స్టేడియంలో 1,07,601 సీట్లు. మ్యాచ్ రోజున ఊళ్లో దొంగలు పడితే కేకేసినా పలికేవాడుండడు.

ప్రవేశ పరీక్ష సంగతి క్లుప్తంగా ముగిస్తాను. ఇప్పటి జీమ్యాట్ 205 దగ్గర మొదలై 805 దగ్గర ఆగుతుంది. పెళ్లి చదివింపుల్లో పదహార్లు తప్పనట్టు ఏ స్కోరుకైనా చివర అయిదు తప్పదు. అమ్మాయికి 675 వచ్చింది. నేను వెయ్యికి అనుకుని ఓదార్చబోయాను. ఇంట్లో అరగంట నవ్వారు.

వ్యాసాల సంగతి మాత్రం క్లుప్తంగా చెప్పలేను. ఎంబీఏ ఎందుకు, ఇప్పుడే ఎందుకు, మా ఊళ్లోనే ఎందుకు అని ప్రతి స్కూలూ అడుగుతుంది. సంక్రాంతి ముందంతా ఇంట్లో డైనింగ్ టేబులు మీద అవే కాగితాలు. మేం ఒళ్లో కంచాలు పెట్టుకుని తిన్నాం. ఒకరోజు మా ఆవిడ పచారీ చీటీ నా చేతిలో పెట్టింది. కందిపప్పు రెండు కిలోలు, ఇంగువ, మినప్పప్పు, ఎండుమిర్చి తొడిమ తీసినవి. కొట్టు దగ్గర చీటీ తిరగేస్తే వెనకవైపు ఇంగ్లీషులో అచ్చయిన అక్షరాలు. అందులో ఒక చిన్న పట్నపు తండ్రి ఉన్నాడు. ఆయనకు లోకజ్ఞానం తక్కువ. కూతురు ఇంజనీరింగ్ దాటి ఆలోచిస్తే ఆయనకి భయం. ఆ అడ్డంకిని ఆమె ఓర్పుతోనూ, నాయకత్వ లక్షణాలతోనూ అధిగమించింది. అలా అధిగమించబడిన మనిషిని నేను, చేతిలో సంచీతో, కొట్టు ముందు నిలబడి ఉన్నాను. ఇంటికొచ్చి అడిగితే, "అది పాత డ్రాఫ్టు నాన్నా, కొత్తదాంట్లో నిన్ను తీసేశాను" అంది. రెంటిలో ఏది ఎక్కువ అవమానమో ఇంకా తేల్చుకోలేదు.

నేనూ ఊరుకోలేదు, సాక్ష్యాలు సేకరించాను. అయోవా సిటీలోని విశ్వవిద్యాలయం తన ఫుల్‌టైమ్ ఎంబీఏని ఆపేస్తున్నట్టు 2017లోనే ప్రకటించింది. చివరి బ్యాచ్ 2019లో బయటికొచ్చింది. అదే ఏడాది అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమూ తలుపులు మూస్తానని చెప్పి, ఆన్‌లైన్లో 22 వేల డాలర్లకే ఎంబీఏ ఇస్తానంది. రెండూ నిఖార్సయిన కాలేజీ ఊళ్లే. ఉద్యోగం మానుకుని రెండేళ్లు కూర్చునేవాళ్లు అక్కడే తగ్గిపోతుంటే మనకెందుకమ్మా అన్నాను. "అవి ర్యాంకుల్లో కిందున్నవి నాన్నా" అంది. ఈ ర్యాంకులేమో ఏ పత్రికవి ఆ పత్రికవే. ఒకదాంట్లో ఆరు ఇంకోదాంట్లో పద్దెనిమిది. మా అమ్మాయి పొద్దున ఒకటి నమ్ముతుంది, రాత్రి ఒకటి.

మా బామ్మర్ది డాలస్ నుంచి ఫోన్ చేశాడు. "బావా, ఆ మంచులో ఎందుకు? ఇక్కడ మేడ మీద గది ఖాళీ. వారం వారం గుడి, వీధికో బిర్యానీ హోటలు. అయినా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీలకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, తెలుసా?" అన్నాడు. స్పీకరులో విన్న అమ్మాయి, "అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్లకి అది వర్తించదని చెప్పారు మామయ్యా" అని ఫోన్ పెట్టేసింది. హానోవర్‌లో మనవాళ్లెవరూ లేరు కదే అని దిగులుగా అన్నాను. "అవును నాన్నా!" అంది. ఆ ముఖంలో అంత వెలుగు జీమ్యాట్ వచ్చిన రోజున కూడా చూడలేదు.

చివరికి హానోవర్‌లోనే సీటొచ్చింది కాబట్టి ఇప్పుడు లోను. రెండెకరాల మాగాణి ఉంది, రాసుకోండి అన్నాను. వ్యవసాయ భూమి తాకట్టు పెట్టుకుని చదువుకి అప్పివ్వరట. పల్లెటూరికి పంపడానికి పల్లెటూరి పొలం పనికిరాదు, పట్నంలో ఫ్లాటు కావాలి. ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లాయరు ఒపీనియన్, ప్లాను కాపీ, ఇంటి పన్ను రసీదు. ట్రంకుపెట్టె అడుగు దాకా తవ్వాను.

చివరికి బ్యాంకు పంపిన వాల్యుయరు టేపు పట్టుకుని వచ్చాడు. బాల్కనీ కొలిచి, గోడ మీద పగులు ఫొటో తీసి, కాఫీ తాగుతూ, అమ్మాయి ఎక్కడికండీ అన్నాడు. వివరంగా చెప్పాను, నది, అడవి, రోజుకో రైలు. "అక్కడ గజం ఎంతుందండీ?" అన్నాడు. తెలియదన్నాను. కాసేపు కళ్లు మూసుకుని లెక్కగట్టి, "రెండు కోట్లు ఎలాగూ పెడుతున్నారు. రెండేళ్లుండి వచ్చేసేదానికి అంత ఫీజెందుకు సార్? ఆ డబ్బుతో కాలేజీ పక్కన ఓ బిట్టు తీసి పారెయ్యండి. పిల్లలొచ్చే ఊరు, రేటు పడిపోదు" అన్నాడు.

ఇంతవరకూ ఈ వ్యవహారంలో నాకర్థమైన సలహా ఇదొక్కటే. యథాతథంగా అమ్మాయికి చెప్పాను. అప్పట్నుంచి పక్కగదిలో ఉండి నాతో వాట్సాప్‌లోనే మాట్లాడుతోంది.